తీరే లోటూ, తీరని లోటూ

పెద్దవాళ్లెవరైనా పోయినప్పుడు మన పత్రికల్లోనూ, సభల్లోనూ తప్పకుండా వినిపించే మాట ఒకటి వుంది. అదే "తీరని లోటు". నాయకుడు పోయినా అదే, నటుడు పోయినా అదే, గాయకుడు పోయినా అదే. సంతాప తీర్మానాలు రాసే గుమాస్తాగారి దగ్గర, పేరు రాసే చోటు మాత్రం ఖాళీగా వదిలి అచ్చువేయించిన కాగితాలు ఒక కట్ట వుంటాయేమోనని నా అనుమానం. పోయినవారు ఫలానా రంగానికి చేసిన సేవ మరువరానిది, వారి మరణం ఆ రంగానికి తీరని లోటు, వారి ఆత్మకు శాంతి కలుగుగాక. రెండు నిమిషాలు నిలబడితే సభ సమాప్తం.

ఆ మాట అబద్ధమని నేననడం లేదు. కాని లోటంటే ఏమిటో, ఎక్కడో, ఎంతో చెప్పకుండా ఊరికే అనేస్తే మనం పోయినవారిని తలుచుకున్నట్టా, తప్పుకున్నట్టా? డబ్బాలో బియ్యం ఎంత తగ్గాయో ఇల్లాలు చూడకుండానే చెప్పగలదు. మనల్ని ఇన్నేళ్లు నవ్వించి, ఏడిపించి, పాటలు పాడి నిద్రలేపిన వారి విషయంలో ఆపాటి లెక్క మనకు తెలియకపోతే ఎట్లా? ఈ మధ్య నాలుగైదేళ్లలో మనల్ని విడిచిపోయిన కొందరిని తలుచుకుంటూ, ఆ లెక్క వేసి చూద్దామని ఈ వారం కూర్చున్నాను.

ముందుగా కోట శ్రీనివాసరావు గారు. 2025 జులై 13న హైదరాబాదులో కన్నుమూశారు. ఎనభై మూడేళ్లు. పుట్టింది కృష్ణా జిల్లా కంకిపాడు. స్టేటు బ్యాంకులో ఉద్యోగం చేస్తూ, సాయంకాలాలు నాటకాలు వేస్తూ, 1978లో 'ప్రాణం ఖరీదు'తో సినిమాలోకి వచ్చారు. చిరంజీవి మొట్టమొదట తెరమీద కనిపించినదీ ఆ చిత్రంలోనే. 1985లో 'ప్రతిఘటన'లో కాశయ్య అనే మంత్రిగా తెలంగాణ యాసలో మాట్లాడి జనాన్ని భయపెట్టారు. రెండేళ్లు తిరిగేసరికి, 1987లో, జంధ్యాల తీసిన 'అహ నా పెళ్లంట'లో పిసినిగొట్టు లక్ష్మీపతిగా వచ్చి, దూలానికి కోడిని వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ వట్టి అన్నం తిని, అదే జనాన్ని పొట్టచెక్కలయ్యేట్టు నవ్వించారు. ఆ వేషానికి మొదట రావు గోపాలరావు గారి పేరు అనుకున్నారనీ, జంధ్యాల పట్టుబట్టి తనచేత వేయించారనీ కోటగారే చెప్పుకునేవారు.

ఇక్కడ లోటు ఏమిటి? దుర్మార్గపు వేషాలు వేసేవాళ్లకేం, కావలసినంతమంది వున్నారు. కాని మన వీధిలో వడ్డీలకు తిప్పే మనిషి ఎట్లా నవ్వుతాడో, మన తాలూకాఫీసు దగ్గర పైరవీలు చేసే మనిషి ఏ మాట తరువాత దగ్గుతాడో తెలిసిన నటుడు వేరు. కోటగారి దుర్మార్గుడికి ఊరుండేది, యాస వుండేది, బంధువులుండేవారు. అందుకే, తెలుగు ముక్క రాని ప్రతినాయకులను ఎక్కడెక్కడినుంచో తెచ్చి, మరొకరి గొంతు అతికించే పద్ధతి మీద ఆయన బతికుండగా చాలాసార్లు బాహాటంగానే కోప్పడ్డారు. ఆ కోపం ఆయన సొంత వేషాల కోసమని నేననుకోను. తరువాత రావలసినవాళ్ల కోసం. దీన్నిబట్టి చూస్తే కొన్ని లోట్లు చావు వల్ల రావు. మనిషి బతికుండగానే మనం చేతులారా తవ్వుకుంటాం.

ఆ మరునాడే, జులై 14న, బెంగుళూరులో బి. సరోజాదేవి పోయారు. ఆవిడ కన్నడిగురాలు. 1955లో 'మహాకవి కాళిదాస' అనే కన్నడ చిత్రంతో మొదలుపెట్టి, 1957లో 'పాండురంగ మహాత్మ్యం'తో మన దగ్గరికి వచ్చారు. 1961లో 'సీతారామ కళ్యాణం'లో మండోదరి, 'జగదేకవీరుని కథ'లో ఇంద్రకుమారి. కన్నడ, తమిళ, తెలుగు, హిందీ అనే నాలుగు భాషల్లో కథానాయికగా నిలబడటమంటే మాటలా? కోటగారి కోపాన్నీ, ఈవిడ జీవితాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. పొరుగువారు రావడంలో తప్పు లేదు. వచ్చి మన ఇంటి మనిషి అనిపించుకునేంత కష్టపడ్డారా లేదా అన్నదే ప్రశ్న.

అదే సంవత్సరం మార్చి 9న తిరుపతిలో గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు పోయారు. సినిమా వాళ్లు కారు గనుక వార్త కొంచెం చిన్నగా వచ్చింది. కాని లెక్క చూస్తే ఈ లోటు సామాన్యమైనది కాదు. అన్నమాచార్యుల వారి సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయి గదా! ఆ రేకుల మీద సాహిత్యం వుంది, ఏ రాగమో పేరు వుంది. స్వరం లేదు. అంటే పాట వుంది, పాడటం లేదు. ఎలా పాడాలో తెలిసిన వారి వరస ఎక్కడో మధ్యలో తెగిపోయింది. నేదునూరి కృష్ణమూర్తి గారి వంటి పెద్దల దగ్గర నేర్చుకున్న ఈ రాజమండ్రి ఆయన, 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం వారి అన్నమాచార్య ప్రాజెక్టులో గాయకుడిగా చేరి, ఆరువందలకు పైచిలుకు కీర్తనలకు స్వరాలు కట్టారు. ఇవాళ మన ఇళ్లలో ఆడపిల్లలు పేరంటాల్లో పాడే అన్నమయ్య పాటల్లో, ఇది అనాదిగా ఇట్లాగే వుంది కాబోలు అనుకునే వరసల్లో, కొన్ని ఆయన కట్టినవే. ఆ సంగతి పాడేవాళ్లకే తెలియదు! స్వరకర్తకు ఇంతకన్న గొప్ప సన్మానం లేదని ఒకరంటారు. పేరు చెప్పుకోకపోవడం అన్యాయమని మరొకరంటారు. నేను రెండోవారి పక్షం. పాడేముందు పేరు ఒక్కసారి చెబితే పాటకు పోయేదేముంది?

ఇక 2022 నవంబరు మొదలు 2023 ఫిబ్రవరి దాకా నడిచిన ఆ చలికాలాన్ని తలుచుకుంటే ఇప్పటికీ దిగులు వేస్తుంది. మూడు నెలలు నిండకుండా నవంబరు 15న కృష్ణ, డిసెంబరు 23న కైకాల సత్యనారాయణ, 25న చలపతిరావు, జనవరి 27న జమున, ఫిబ్రవరి 2న కె. విశ్వనాథ్, 4న వాణీ జయరాం. పేపరు విప్పాలంటేనే భయం పట్టుకుంది.

ఆ రోజుల్లో ఒకనాడు మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న మనవరాలు, "తాతయ్యా, ఈవిడెవరు? అందరూ ఇంతగా ఏడుస్తున్నారేం?" అని అడిగింది. టీవీలో జమునగారి పాత బొమ్మలు చూపిస్తున్నారు. "మహానటి అమ్మా" అన్నాను. "అంటే ఏం చేసిందీ?" అంది. పదేళ్ల పిల్ల. అడిగిన ప్రశ్న సరైనదే. మహానటి అన్న మాట కూడా తీరని లోటు వంటిదే. అందులో మనిషి కనిపించదు. అందుకని ఆ రాత్రి భోజనాలయ్యాక 'మిస్సమ్మ' పెట్టాం. పిల్ల నిద్రపోలేదు సరిగదా, మరునాడు వాళ్లమ్మ జడ వేస్తుంటే అద్దంలో చూసుకుంటూ ఆ చిన్నచెల్లెలి మూతివిరుపులన్నీ విరిచింది. నేను గంటసేపు వివరించినా పిల్లకు అంతగా తెలిసేది కాదు.

జమునగారు హంపీలో పుట్టి, దుగ్గిరాలలో పెరిగి, డాక్టరు గరికపాటి రాజారావు గారి 'పుట్టిల్లు'తో 1953లో తెరకెక్కారు. 'మూగమనసులు'లో గౌరి వేషం వేసి, దాన్నే 1967లో 'మిలన్'గా హిందీలో తీస్తే అక్కడా తనే వేసి, ఫిలింఫేర్ బహుమతి పట్టుకొచ్చారు. మధ్యలో కొంతకాలం మన పెద్దహీరోలిద్దరూ ఆవిడ పక్కన నటించడం మానుకున్నా, ఆవిడ తల వంచలేదు. మిగతావారితో నటించుకుంటూ నిలబడ్డారు. చివరికి 1962లో 'గుండమ్మ కథ'లో ఆ ఇద్దరూ ఆవిడతో కలిసే నటించారు. ఇదంతా తెలిసిన తరువాత ఆవిడ సత్యభామ వేషం చూస్తే, ఆ తలెగరవేత నటన మాత్రమే కాదేమో అనిపిస్తుంది.

సత్యభామ అన్నాను గనుక ఇంకొక సంగతి చెప్పాలి. జమునగారికి ముందు తెలుగువారికి సత్యభామ అంటే స్థానం నరసింహారావు గారు. మీసాలు తీసి, చీర కట్టి, 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో ఆయన రంగస్థలం మీదికి వస్తే ఆడవాళ్లే ఆ నడక చూసి నేర్చుకునేవారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. ఆయన తరువాత ఇక సత్యభామ లేదనే అందరూ అనుకున్నారు. 1966లో 'శ్రీకృష్ణ తులాభారం' సినిమా వచ్చింది. స్థానంవారు పేరు తెచ్చిన పాటే సుశీలగారి గొంతులో, జమునగారి మీద. లోటు తీరిందా లేదా?

కైకాల వారి సంగతీ అంతే. ఎస్.వి. రంగారావు గారు 1974 జులైలో పోయారు. 'మాయాబజార్'లో ఆయన ఘటోత్కచుణ్ణి చూసిన కళ్లు ఇంకొకరిని ఒప్పుకుంటాయా? గుడివాడ దగ్గర కౌతవరంలో పుట్టి, 1959లో 'సిపాయి కూతురు'తో వచ్చి, మొదట్లో నిలదొక్కుకోవడానికి నానా అవస్థా పడ్డ సత్యనారాయణగారు, 1977లో 'కురుక్షేత్రం'లో దుర్యోధనుడైనారు. అదే ఏడు 'యమగోల'లో యముడైనారు. 1995లో ఏకంగా 'ఘటోత్కచుడు' అనే సినిమాలోనే ఘటోత్కచుడైనారు. రంగారావు గారంతటి వారా అంటే, ఆ తూకం నేను వెయ్యను. కాని గద పట్టుకునేవాడు లేక మన పౌరాణికం ఆగిపోలేదు. యముణ్ణి చూసి పిల్లలు భయపడకుండా నవ్వేట్టు చేసినది మాత్రం పూర్తిగా సత్యనారాయణగారి సొంత సంపాదన.

కృష్ణగారి లోటు వేరు రకం. ఆయనకంటె బాగా నటించినవారు లేరా అంటే వున్నారు. ఆయనే ఆ మాట ఒప్పుకోవడానికి వెనుకాడే మనిషి కాదు. ఆయన సొత్తు తెగువ. 1971లో కౌబాయి సినిమా 'మోసగాళ్లకు మోసగాడు', 1974లో తెలుగులో మొదటి పూర్తి సినిమాస్కోపు చిత్రం 'అల్లూరి సీతారామరాజు', 1986లో తెలుగులో మొదటి 70 ఎం.ఎం. చిత్రం 'సింహాసనం'. తన సినిమా తీసి నష్టపోయిన నిర్మాతను వట్టి చేతులతో పంపేవారు కారని పరిశ్రమలో అందరూ చెప్పే మాట. వీటన్నిటికన్న నాకు గుర్తుండిపోయిన విషయం మరొకటి. 'అల్లూరి సీతారామరాజు' తీస్తూ వుండగా దర్శకుడు వి. రామచంద్రరావు గారు మరణించారు. మిగిలిన భాగం కృష్ణగారే బాధ్యత తీసుకుని పూర్తి చేయించారు. తెర మీద దర్శకుడిగా మాత్రం రామచంద్రరావు గారి పేరే వుంది. పోయిన మనిషిని గౌరవించడమంటే అది. పని ఆపలేదు, పేరు చెరపలేదు.

ఇక విశ్వనాథ్ గారు. వారు పోయిన తేదీ ఫిబ్రవరి 2. నలభై మూడేళ్ల కిందట, 1980లో, 'శంకరాభరణం' విడుదలైన తేదీ కూడా అదే. ఆ చిత్రానికీ, 'స్వాతి కిరణం'కీ జాతీయ బహుమతులందుకున్న గాయని వాణీ జయరాం. ఆవిడకు వచ్చిన మూడు జాతీయ బహుమతుల్లో రెండు విశ్వనాథ్ గారి చిత్రాలకే. ఆయన వెళ్లిన రెండు రోజులకే ఆవిడా వెళ్లిపోయారు. పద్మభూషణ్ ప్రకటించి అప్పటికి పదిహేను రోజులు కూడా కాలేదు, అందుకోనే లేదు.

విశ్వనాథ్ గారు మద్రాసులో వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో పని మొదలుపెట్టారు. తరువాత ఆదుర్తి సుబ్బారావు గారి దగ్గర సహాయకుడిగా నేర్చుకున్నారు. అంతటి దర్శకుడై, 2016 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న ఆయన, షూటింగులో వుంటే ఖాకీ చొక్కానే వేసుకునేవారు. లైట్లు మోసేవాడూ కార్మికుడే, నేనూ కార్మికుణ్ణే అన్నది ఆయన లెక్క. శంకరశాస్త్రి పాత్ర చూసి ఆయన్ని సంప్రదాయానికి కాపలాదారు అని పొగిడినవారున్నారు. నాకు మాత్రం ఆ సినిమాలో కనిపించేది ఒక భయం. ముసలాయన విద్య ఎవరికిచ్చి పోవాలి అన్న భయం. చివర శంకరశాస్త్రి పాట మధ్యలో ఆగిపోతే దాన్ని అందుకుని పూర్తిచేసేది ఒక పిల్లవాడు. నేనింతసేపూ చెప్పబోయే మాట ఆయన తెర మీద ఎప్పుడో చెప్పేశారు.

ఆ పాటలు పాడిన బాలసుబ్రహ్మణ్యం గారి సంగతే చూడండి. 2020 సెప్టెంబరు 25న, ఆ కరోనా రోజుల్లో, చెన్నైలో పోయారు. ఇప్పటికి ఏళ్లు గడిచినా నమ్మబుద్ధి కాదు. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని మనిషి 'శంకరాభరణం' పాడటమేమిటని ఆయనే మొదట జంకారు. సంగీత దర్శకుడు మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది గారు పక్కన కూర్చుని గమకం గమకం నేర్పించారు. దానికి జాతీయ బహుమతి వచ్చింది. అంతకు ముందు, కుర్రవాడిగా పాటల పోటీలో పాడుతుంటే పట్టుకుని, 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో మొదటి పాట పాడించినది కోదండపాణి గారు. పెద్దవాడైన తరువాత బాలుగారు సొంతంగా రికార్డింగు థియేటరు కట్టుకుని దానికి ఎవరి పేరు పెట్టారు? తన పేరు కాదు, కోదండపాణి గారి పేరు.

ఘంటసాల గారు పోయింది 1974 ఫిబ్రవరిలో. తీరని లోటన్నారు, నిజమే అన్నారు. ఆ గొంతు మళ్లీ రాలేదు, రాదు కూడా. కాని తెలుగు పాట ఆగలేదు. ఎందుకని? ఆయన వుండగానే ఒక నెల్లూరు కుర్రవాడు వింటున్నాడు గనుక. వినేవాణ్ణి గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వున్నాడు గనుక.

కాబట్టి నా లెక్క ఇట్లా తేలింది. మనిషి లోటు తీరదు. అది ఇంట్లోవాళ్లకు తెలుసు, మనం చెప్పనక్కరలేదు. పని లోటు తీరుతుంది. కాని దానంతటది తీరదు. వెనక వచ్చేవాడు ముందువాణ్ణి చూసివుండాలి, వినివుండాలి. చూసే అవకాశమే లేకపోతే? అప్పుడు ఆ లోటు నిజంగానే తీరనిది.

అట్లాంటి లోటు మనకు కొత్తది కాదు. తెలుగులో మొదటి టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద', ఇవాళ చూద్దామంటే ఎక్కడా లేదు. హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన చిత్రం, సురభి కమలాబాయి గారు లీలావతిగా నటించిన చిత్రం, ఒక్క ప్రతి మిగల్లేదు. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో ఏర్పడింది; అప్పటికే ఇట్లాంటివి ఎన్నో మట్టిలో కలిసిపోయాయి. సినిమా సంగతే ఇట్లా వుంటే నాటకం మాటేమిటి? స్థానంవారి నడక గురించి చదువుకుంటాం, చూడలేం. కోటగారు బ్యాంకు పని ముగించుకుని వేసిన నాటకాలు చూసినవారి మాటల్లో తప్ప ఇంకెక్కడున్నాయి?

మన ఊళ్లలో ఇప్పటికీ అటువంటివారున్నారు. తెనాలిలో, కాకినాడలో, వరంగల్లులో, ఏ పేటలోనో పాత ఇంట్లో, ఒకప్పుడు రాత్రంతా పద్యాలు పాడిన ఆయన ఇప్పుడు అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటూ వుంటాడు. మీకు తెలిసినవాడే అయివుంటాడు. చుట్టరికం కూడా వుండవచ్చు. ఆయన పోయినరోజున మూడు వరసల వార్త వస్తుంది, అందులో మనకు బాగా అలవాటైన ఆ రెండు మాటలూ వుంటాయి. అంతదాకా ఆగవద్దని నా మనవి. ఇవాళ ప్రతివాళ్ల జేబులోనూ ఫోను వుంది, దానికి గొంతు పట్టే శక్తి వుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. "తాతగారూ, ఆ పద్యం ఒక్కసారి" అని అడగండి. మొదట వద్దంటారు, గొంతు పోయిందంటారు. ఒక గ్లాసు మంచినీళ్లు తాగి పాడతారు. ఏ నాటకంలోది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊళ్లో ఏ సంవత్సరం ఆడారు అన్నవి కూడా అడిగి, తేదీ వేసి రాసిపెట్టండి. ఆ వివరాలు లేకపోతే పదేళ్ల తరువాత అది ఎవరిదో తెలియని గొంతుగా మిగులుతుంది.

ఆయన పక్కనే కూర్చున్న మీ పిల్లవాడు ఆ రాగం తీయడానికి ప్రయత్నించి, తప్పు పాడితే నవ్వకండి.